కచ్చా కుట్టు మీద నడిచిన బండి

కుట్టు టీచర్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని బడి మొత్తానికీ తెలుసు. ఆ కోపం ముక్కు దాటి కిందికి దిగదని మాత్రం ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలకే తెలుసు. ఇరవై రెండేళ్ళుగా మూడో అంతస్తులో చివరి గది ఆవిడది. పన్నెండు కుట్టు మిషన్లు, రెండు పొడవాటి బల్లలు, గోడ మేకులకు వేలాడే కత్తెరలు. కిటికీ పక్కన ఆవిడ బల్ల, కుర్చీ, కుర్చీ చేతికి కట్టిన సూదులు గుచ్చే చిన్న దిండు. ఆ గదిలో ఎవరైనా నేల మీద సూది వదిలేసి వెళ్ళారంటే ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. సూది దొరికేదాకా క్లాసంతా మోకాళ్ళ మీద ఉండాల్సిందే, ఆవిడతో సహా.

సెలవుల తర్వాత మొదటి సోమవారం తలుపు తీసేసరికి గదిలో ఒక్క మిషనూ లేదు. వాటి ఇనుప కాళ్ళ గుర్తులు మాత్రం నేల మీద వరసగా మిగిలాయి. బల్లల మీద తెల్ల పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఒకటి తెరిచి చూస్తే చక్రాలు, మోటార్లు, రంగురంగుల తీగలు, మిరియాల్లాంటి చిన్న చిన్న స్క్రూలు. ఆవిడ పెట్టె మూసేసి, మెట్లు రెండేసి చొప్పున దిగి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

ప్రిన్సిపాల్ మేడమ్ మంచి మనిషే. కాకపోతే ఆ మంచితనం ఎప్పుడూ హడావుడిలో ఉంటుంది.

"కూర్చోండి, కూర్చోండి. మీతో ముందే చెబుదామనుకున్నా, వీలు కాలేదు. ఈ రోజుల్లో కుట్టు పని ఎవరు నేర్చుకుంటున్నారు చెప్పండి? తల్లిదండ్రులంతా రోబోటిక్స్, రోబోటిక్స్ అని నా ప్రాణం తీస్తున్నారు. తీరా చూస్తే అది నేర్పడానికి పెట్టుకున్న మాస్టారేమో వేరే ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోయాడు. టర్మ్ చివర మూడు సెక్షన్లకీ పోటీ పెట్టాను. రెండింటికి సైన్సు టీచర్లున్నారు. మూడో సెక్షన్ జట్టుని మీరు చూడండి."

"నేనా? నాకేం తెలుసు మేడమ్?"

"ఆ గది మీకు తెలుసు కదా! పిల్లలు తెలుసు. వాళ్ళు కట్టిన రోబో బండి నీళ్ళ గ్లాసు మోసుకుంటూ కిటికీ దాకా చేరిందంటే, వచ్చే ఏడాది కూడా ఆ క్లాసు మీదే."

"చేరకపోతే?"

మేడమ్ కాగితాల్లోకి తల దించింది. "కింద యూనిఫాంల గది ఉంది కదా. అక్కడికి ఒక మనిషి కావాలి."

యూనిఫాంల గది మెట్ల కింద ఉంటుంది. కిటికీ ఉండదు. ఏడాదికి నాలుగుసార్లు పిల్లలు వరసలో వచ్చి సైజు చెప్పి, చొక్కా తీసుకుని పోతారు. మిగిలిన రోజుల్లో అరలు, ట్యూబ్‌లైటు, తనూ. జీతంలో తేడా ఏమీ ఉండదు. కానీ "టీచర్, టీచర్" అనే పిలుపు లేని చోట పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తను ఏం చేస్తుంది?

ఇంటికి వెళ్ళి చెబితే వాళ్ళాయన పడీ పడీ నవ్వాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఎనిమిది గంటలు హారన్ల మధ్య గడిపి వచ్చినా ఇంట్లో నవ్వడానికి ఓపిక మాత్రం దాచుకుంటాడు.

"నువ్వు రోబోలు నేర్పిస్తావా? టీవీ రిమోట్‌లో బ్యాటరీలు ఎప్పుడూ తిరగేసి పెట్టే మనిషివి నువ్వు!"

"నవ్వండి, నవ్వండి. డ్యూటీకి బయల్దేరేటప్పుడు ప్యాంటు జిప్పు ఊడితే ఎవరి దగ్గరికి వస్తారో చూస్తాను."

"అది కాదోయ్," అన్నాడాయన, నవ్వు ఆపుకుని. "నేను మొదటిసారి బస్సెక్కినప్పుడు నాకేం వచ్చు? పక్కన కండక్టరు, వెనక నలభై మంది జనం. వాళ్ళే నేర్పారు, తిట్టి తిట్టి."

ఆ రాత్రి ఆవిడ రోబోటిక్స్ పుస్తకం ముందేసుకు కూర్చుంది. మొత్తం తిరగేశాక ఆవిడకి అర్థమైందల్లా అది పుస్తకమన్న సంగతి ఒక్కటే.

జట్టులో ముగ్గురు. ఒకమ్మాయిని అందరూ కత్తెర అంటారు. కిందటేడు కుట్టు క్లాసులో గుడ్డ కత్తిరించడంలో అందెవేసిన చేయి. పైగా ఎదుటివాళ్ళ మాట ఒక్కటీ పూర్తి కానివ్వదు, మధ్యలోనే కత్తిరించేస్తుంది. రెండోవాడు లాయరు. "రెండు రెళ్ళు నాలుగు" అంటే "అని ఎక్కడ రాసుంది?" అని అడిగే రకం. మూడోవాడు నిదానం. వాణ్ణి ఏదైనా అడిగితే జవాబొచ్చేలోపు మీరు టీ తాగి రావచ్చు. కానీ వచ్చిన జవాబుకి తిరుగుండదు.

మొదటిరోజు ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆవిడ ఉన్నమాట చెప్పేసింది.

"చూడండర్రా, నాకిది రాదు."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. టీచర్ నోట అలాంటి మాట వాళ్ళెప్పుడూ వినలేదు.

"మరి మేం ఎవర్ని అడగాలి టీచర్?" అన్నాడు లాయరు.

"ఒకళ్ళనొకళ్ళు అడగండి. ముగ్గురికీ తెలియకపోతే నలుగురం కలిసి వెతుకుదాం."

వెతికారు. రెండు వారాలు వెతుకుతూనే ఉన్నారు. పెట్టెలో వచ్చిన పలక మీద మోటార్లు పెట్టి పదహారు స్క్రూలూ బిగిస్తే చక్రం వంకరగా వచ్చింది. పదహారూ విప్పేసరికి పీరియడ్ అయిపోయింది. మర్నాడు మళ్ళీ బిగిస్తే రెండో చక్రం వంకర. మూడోసారికి కత్తెర కళ్ళలో నీళ్ళు తిరిగాయి, లాయరు స్క్రూడ్రైవర్ విసిరికొట్టాడు. నిదానం నేల మీద పడ్డ స్క్రూలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. అప్పుడు వచ్చింది టీచర్‌కి కోపం.

"ఏమర్రా, గౌను కుట్టాలంటే ముక్కలు కత్తిరించగానే మిషన్ మీద పెట్టేస్తామా? ముందు చేత్తో కచ్చా కుట్టు వేస్తాం. వదులుగా, పెద్ద పెద్ద కుట్లు. ఒంటికి తొడిగి చూస్తాం. సరిగ్గా ఉందనుకుంటేనే పక్కా కుట్టు. బాగోలేదనుకో, ఒక్క దారం లాగితే విడిపోతుంది. ఆ పాటి తెలివి ఈ ఇనుప ముక్కల దగ్గరికి వచ్చేసరికి ఏమైంది మీకు?"

తను కోప్పడింది పిల్లల మీదో, తన మీదో ఆవిడకే తెలియలేదు. కత్తెర మాత్రం కళ్ళు తుడుచుకుని చటుక్కున లేచింది. "టీచర్, దారం ఉందా?"

ఆ రోజు నుంచి వాళ్ళ పద్ధతి అదే. పలక మీద బెజ్జాలు ఎలాగూ ఉన్నాయి. స్క్రూ పెట్టాల్సిన ప్రతిచోటా ముందు గట్టి దారంతో రెండు చుట్లు చుట్టి ముడి. బండి నడిపి చూడటం. వంకరుంటే దారం తెంపి, జరిపి, మళ్ళీ కట్టడం. అంతా సరిపోయాకే స్క్రూలు. గోడ మీద సుద్దతో ఆవిడ ఒక మాట రాసిపెట్టింది: తప్పు కుట్టు పడితే ఏడవకు, విప్పు. నాలుగు రోజుల్లో బండి తిన్నగా నడిచింది. మిగతా రెండు సెక్షన్ల పిల్లలు తలుపు సందులోంచి తొంగిచూసి "గుడ్డ బండి, గుడ్డ బండి!" అని ఏడిపించారు. లాయరు వెంటబడి, గుడ్డ బండి అని ఎందుకనకూడదో వాళ్ళకి మెట్ల దాకా వివరించి వచ్చాడు.

ఈ దారం పనిలో ఆవిడకి ఒక్కటే చిక్కు. ఈమధ్య సూది బెజ్జం కనబడటం లేదు. కళ్ళజోడు పెట్టుకున్నా దారం కొన పక్కనుంచి జారిపోతుంది. పిల్లల ముందు ఒప్పుకోవడానికి నామోషీ. అలాంటిది, ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే దిండులో గుచ్చిన పది సూదులకూ దారం ఎక్కించి ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇది కచ్చితంగా కత్తెర పనే అనుకుంది ఆవిడ. అడగలేదు. అడిగితే తన కళ్ళ సంగతి ఒప్పుకున్నట్టవుతుంది కదా. మనసులోనే ఆ పిల్లకి వెయ్యి దండాలు పెట్టుకుంది.

పోటీకి ముందురోజు మూడు జట్లకీ కొత్త పలకలు వచ్చాయి. ఒకవైపు నున్నగా మెరుస్తూ, రెండోవైపు గరుకుగా ఉన్న చెక్క పలకలు. వాటితోపాటు బెజ్జాలు ఎక్కడెక్కడ పెట్టాలో గీసిన కాగితం. పదునైన పనిముట్లతో పని కాబట్టి బెజ్జాలు టీచర్లే పెట్టి ఇవ్వాలి, ఆ తర్వాత చేయి పెట్టకూడదు అని నియమం. అది వినగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. గీయడం, కోయడం తన పనే కదా!

ఆవిడ పలకని బల్ల మీద నున్నటి వైపు కిందికి పెట్టింది. గరుకు వైపు మీద కాగితం బోర్లా పరిచింది. సూదితో గుచ్చి గుర్తులు పెట్టి, కాగితం తీసి, తెల్ల సుద్దతో ఒక్కో గుర్తు పక్కన "ఎడమ మోటారు", "కుడి మోటారు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. బెజ్జాలు పొడిచింది. ఒక్కటి కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు. ఇరవై రెండేళ్ళ చేయి మరి. ఆ రాత్రి ఆయన "ఏమోయ్, ఎలా ఉంది మీ బండి?" అంటే, "రేపు చూద్దురుగాని!" అని దర్జాగా చెప్పింది.

మర్నాడు గది గదిలా లేదు. గోడల వెంట తల్లిదండ్రులు, మధ్యలో, కింద నుంచి తెచ్చిన ఒకదానితో కలిపి, మూడు బల్లలు. ఒక బల్లని పక్కకి జరిపి నేల మీద సుద్దతో దారి గీశారు. తలుపు దగ్గర బయల్దేరి, తిన్నగా వచ్చి, టీచర్ బల్ల దగ్గర కుడికి తిరిగి, బల్ల చుట్టూ తిరిగి కిటికీ చేరాలి. పైన గ్లాసులో నీళ్ళు సగానికి తగ్గకూడదు. ఆ దారంతా బండికి ముందే చెప్పి ఉంచిన చిప్ ఒకటి జట్టుకొకటి ఇచ్చారు, దాన్ని మార్చడానికి వీల్లేదు. కట్టడానికి గంట. తర్వాత ఒక్కసారి నడిపి చూసుకోవచ్చు. ఆపైన సరిచేసుకోవడానికి పది నిమిషాలు, తర్వాత అసలు పరుగు.

తీర్పు చెప్పడానికి వచ్చినాయన లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ. పొట్టిగా, బట్టతలతో, చొక్కా జేబులో నాలుగు పెన్నులతో ఉన్నాడు. వస్తూనే టీచర్లు ముగ్గుర్నీ సుద్ద గీత వెనక కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

"టీచర్లూ, అసలు పరుగు అయ్యేదాకా చేయి పెట్టకూడదు, నోరు విప్పకూడదు. సైగలు అసలే వద్దు. చేశారంటే మీ జట్టు బండి పక్కకి పోతుంది. నాకు మొహమాటం లేదమ్మా, ముందే చెబుతున్నా."

గంట మొదలైంది. మిగతా జట్ల దగ్గర స్క్రూడ్రైవర్లు కిర్రు కిర్రుమంటుంటే, వీళ్ళ దగ్గర దారం సుయ్యిమంటోంది. పలక మీద టీచర్ రాసిన అక్షరాలు చూసుకుంటూ, ఎడమ అన్నచోట ఎడమ మోటారు, కుడి అన్నచోట కుడి మోటారు కట్టారు. టీచర్ రాసిందంటే వాళ్ళకి రాతి మీద చెక్కినట్టే. ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయి.

"స్క్రూలు బిగించేద్దాం," అన్నాడు లాయరు. "టీచర్ ఇప్పుడు ఏమీ అనలేరు కదా."

"నడిపి చూశాకే," అంది కత్తెర.

"ఎవరు చెప్పా..."

"నడిపి చూశాకే అన్నానా!"

గీత వెనక కుర్చీలో ఆవిడ ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఆ పొంగు ఎంతోసేపు లేదు.

నడిపి చూసుకునే వంతులో మొదటి జట్టు బండి చక్కగా నడిచింది. రెండోది కాస్త తడబడి, కాసిన్ని నీళ్ళు ఒలకబోసి కిటికీ చేరింది. వీళ్ళది తలుపు దగ్గర బయల్దేరి తిన్నగా, బుద్ధిగా వచ్చింది. టీచర్ బల్ల దగ్గర కుడికి తిరగాల్సింది పోయి ఎడమకి తిరిగింది. ఎదురుగా మేస్త్రీ నిలబడి ఉన్నాడు. బండి వెళ్ళి ఆయన బూటుని గుద్దింది, గ్లాసు ఒరిగింది, నీళ్ళన్నీ బూటులోకి పోయాయి.

గది గొల్లుమంది. "గుడ్డ బండి!" అని ఎవరో అరిచారు కూడా.

ఆవిడ నవ్వలేదు. ఆగిపోయిన బండి వైపే చూస్తోంది. పైకి కనిపిస్తున్నది గరుకు వైపు. ఆ గరుకు వైపు మీద తెల్లగా, గుండ్రంగా తన చేతిరాత. అప్పుడు అర్థమైంది. బట్ట మీద గీసేటప్పుడు గీతలు మంచి వైపు కనబడకూడదని ఎప్పుడూ ఉల్టా వైపే గీస్తాం. కుట్టాక తిరగేస్తాం. చేయి అలవాటు కొద్దీ చెక్క మీద కూడా అలాగే గీసింది. తీరా ఆ ఉల్టా వైపే పిల్లలు మోటార్లు కట్టారు. ఎడమది కుడికొచ్చింది, కుడిది ఎడమకొచ్చింది. తప్పంతా తనది. ఒక్క మాట, "తిరగేయండి" అన్న ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాట చెబితే ఆ బండి పక్కకి పోతుంది.

ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. మేస్త్రీ ఇటు చూశాడు. ప్రిన్సిపాల్ మేడమ్ కూడా చూసింది. ఆవిడ మళ్ళీ కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుండిపోయింది. చేతులు ఊరుకోవు కదా, సైగ చేసేస్తాయి.

"చిప్‌లోనే తప్పుంది!" అన్నాడు లాయరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది వాడి వరస. మేస్త్రీ ఇంకో చిప్ ఇచ్చాడు. చక్రాలు గాల్లోకి ఎత్తి తిప్పి చూస్తే అదీ అదే తంతు. నిదానం తీగల వంక చూసి చూసి, "తీగలు అటుదిటు మారిస్తే..." అన్నాడు. మార్చబోయారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొట్టిది అందలేదు. గడియారంలో నాలుగు నిమిషాలు పోయాయి. కత్తెర మొహం ఎర్రబడింది. ఇక ఏడ్చేస్తుందని టీచర్‌కి తెలిసిపోయింది.

అప్పుడు నిదానం గోడ వైపు చూశాడు. వాడి పద్ధతిలో వాడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "తప్పు కుట్టు పడితే... ఏడవకు..."

"విప్పు," అని కత్తెర వాడి మాట కత్తిరించింది. ముక్కు ఎగబీల్చి బండిని చేతిలోకి తీసుకుంది. దారం ఎక్కడ తెంపాలా అని వేళ్ళతో తడుముతుంటే పలక గరుకుగా తగిలింది. తిప్పి అడుగున తడిమింది. నున్నగా ఉంది. మళ్ళీ పైన తడిమింది.

"ఇది ఉల్టా వైపురా! బట్ట మీద గీసినట్టు గీశారు! దీన్ని తిరగేసి కట్టాలి!"

లాయరుకి విషయం అర్థం కావడానికి అరక్షణం పట్టింది. "అంటే ఇది టీచర్ చేసిన..."

"నోరు మూసుకుని విప్పు!"

టక్, టక్, టక్. కత్తెర చేతిలో కత్తెర ఆడింది. ముప్పావు నిమిషంలో పదహారు ముడులూ తెగి మోటార్లు, చక్రాలు, గ్లాసు పెట్టే గిన్నె అన్నీ బల్ల మీద విడివిడిగా పడ్డాయి. పక్క బల్లల పిల్లలు నవ్వు ఆపి చూస్తున్నారు. వాళ్ళకి తెలుసు, స్క్రూలైతే ఈపాటికి మూడు కూడా ఊడేవి కావని. నిదానం పలక తిరగేసి పట్టుకున్నాడు. కానీ సూదులు? పెట్టెలో ఉన్న సూదులన్నిటికీ దారం అయిపోయింది. ఇప్పుడు ఒక్కోదానికీ ఎక్కించుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

లాయరు చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. చిన్న గుడ్డముక్క బయటికి తీసి విప్పాడు. అందులో వరసగా గుచ్చిన ఎనిమిది సూదులు, ప్రతిదానికీ బారెడు దారం.

"ఏంట్రా ఇవి?" అంది కత్తెర.

"రోజూ పొద్దున్న టీచర్ దిండులో పెడతాగా. ఇవాళ ఎక్కువ తెచ్చా. అడక్కు, కట్టు."

గీత వెనక ఆవిడ కుర్చీ అంచుకి జరిగింది. వీడా! నోరు తెరిస్తే తగువు తప్ప రాని వీడు, బడికి ముందే వచ్చి, తనకి కళ్ళు ఆనడం లేదని ఎప్పుడు కనిపెట్టాడో, ఎవరికీ చెప్పకుండా, తనతోనూ చెప్పకుండా... ఇన్నాళ్ళూ వాణ్ణి రోజుకి రెండుసార్లు తిట్టింది. తొడల కింద చేతులు తిమ్మిరెక్కాయి. ఆవిడ వాటిని కదపలేదు.

ఆరు చేతులు ఒక్క చేయిలా పనిచేశాయి. నిదానం పట్టుకోవడం, లాయరు గుచ్చడం, కత్తెర ముడి. పైనుంచి కిందికి, కింద నుంచి పైకి. చివరి ముడి పడేసరికి మేస్త్రీ ఈల వేశాడు. స్క్రూల డబ్బా మూత కూడా తియ్యలేదు.

"ఇదేంటి, దారంతోనే నడుపుతారా?" అన్నాడాయన. "గట్టిగా బిగించాలని నియమం ఉంది కదా."

లాయరు ముందుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ వాడు ఈ క్షణం కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. "గట్టిగా బిగించాలని ఉంది సార్. స్క్రూతో బిగించాలని ఎక్కడ రాసుంది? కావాలంటే కాగితం చూడండి. లాగి చూడండి, ఊడితే అప్పుడనండి."

మేస్త్రీ కాగితం చూశాడు. చక్రం పట్టుకుని లాగి చూశాడు, మోటారు పట్టుకుని ఊపి చూశాడు. "పోనీ," అని పక్కకి జరిగాడు. ఈసారి బూట్లు బాగా దూరంగా పెట్టుకున్నాడు.

గ్లాసు నింపారు. బండి బయల్దేరింది. తిన్నగా వచ్చింది. బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగినట్టే ఆగి కుడికి తిరిగింది. ఎవరూ ఇంకా చప్పట్లు కొట్టలేదు. బల్ల చుట్టూ తిరిగేటప్పుడు వెనక ముడి ఒకటి వదులై మోటారు కాస్త వాలింది. గ్లాసు అంచు మీంచి నీళ్ళు ఒలికాయి. చక్రం చెక్కకి రాసుకుని చప్పుడు చేస్తూ, కుంటుకుంటూ, ముసలి ఎద్దు ఇంటికి చేరినట్టు బండి కిటికీ గోడని తాకి ఆగింది.

మేస్త్రీ వంగి గ్లాసు మీద గీత చూశాడు. "సగం మీద ఒక వేలెడు ఎక్కువే ఉంది. చేరినట్టే."

అప్పుడు పడ్డాయి చప్పట్లు. కత్తెర నిదానాన్ని పట్టుకుని గెంతింది. పాపం నిదానం, చప్పట్లన్నీ అయిపోయాక నవ్వాడు.

"అది సరే గానీ, మొదటిసారి ఎందుకలా అయింది?" మేస్త్రీ అడిగాడు.

"మేమే తిరగేసి కట్టాం సార్," అన్నాడు లాయరు, రెప్ప వాల్చకుండా. మిగిలిన ఇద్దరూ తలూపారు.

అసలు పరుగు అయిపోయింది కాబట్టి ఇక నోటికి తాళం లేదు. ఆవిడ లేచి నిలబడింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బండి చేరింది, క్లాసు తనదైంది, యూనిఫాంల గది తప్పింది. అవన్నీ ఆవిడకి తెలుసు.

"అబద్ధమండీ. పిల్లలు నన్ను కాయడానికి చెబుతున్నారు. పలక మీద గీసింది నేను. బట్ట అనుకుని ఉల్టా వైపు గీశాను. తప్పు నాది."

ప్రిన్సిపాల్ మేడమ్ కనుబొమలు ముడిపడ్డాయి. "అంటే మీరు చేసిన తప్పుని పిల్లలు దిద్దారన్నమాట."

"అవును మేడమ్. నేను ఒక్క మాట చెప్పకుండానే దిద్దారు."

ఆ మాట మేస్త్రీ అందుకున్నాడు. తడిసిన బూటు విప్పి మేజోడు పిండుకుంటూ అన్నాడు. "మేడమ్, నేను ముప్పై ఏళ్ళుగా లిఫ్టుల పని చేస్తున్నా. తిరగేసి బిగించని మేస్త్రీ ఒక్కడు లేడు, నాతో కలిపి. బిగించడం అందరికీ నేర్పుతాం. విప్పడం ఎవరూ నేర్పరు. అది నేర్చిన పిల్లల్ని ఇవాళే చూశా."

మేడమ్ కాసేపు గోడ మీది సుద్ద రాత వైపు చూసింది. తర్వాత గడియారం చూసుకుంది, ఆవిడ హడావుడి ఆవిడకి ఉంటుంది కదా. తలుపు దగ్గర ఆగి, ఎవరితోనో అన్నట్టు అంది. "యూనిఫాంల గదికి ఇంకెవర్నైనా చూసుకోవాలి నేను."

అందరూ వెళ్ళిపోయాక ముగ్గురూ కూర్చుని బండికి స్క్రూలు బిగించడం మొదలుపెట్టారు. అడగకుండానే. ఆవిడ ఒక్కో స్క్రూ పడుతుంటే దాని పక్కన దారం తీసేస్తూ కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో పిల్లలు తనకి థాంక్స్ చెప్పడమే గానీ తను పిల్లలకి చెప్పింది లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, కోపంగా మొదలుపెట్టింది.

"ఇటు చూడండర్రా. మీకు చాలా చాలా థాంక్స్."

"దేనికి టీచర్?" లాయరు అనుమానంగా చూశాడు. "బండి మాదే కదా."

"తప్పు నాదని తెలిసి కూడా నావైపు ఒక్కరూ వేలెత్తి చూపలేదు కదా, దానికి. నేను మీకేం నేర్పానో నాకైతే తెలియదు గానీ..."

"మొదటిరోజు," అన్నాడు నిదానం. అందరూ ఆగారు. కత్తెర కూడా ఆగింది, ఆ పిల్ల జన్మలో మొదటిసారి ఒకరి మాట పూర్తిగా విన్నది అప్పుడే. "మొదటిరోజు మీరు 'నాకిది రాదు' అన్నారు కదా టీచర్. నాకు ఎప్పుడూ ఏదీ త్వరగా రాదు. అందరూ నవ్వుతారు. మీరు అలా అన్నాక... రాకపోతే నాకు భయం వేయలేదు."

ఆవిడ దిండులోంచి ఒక సూది, నీలం దారం ఉండ తీసి లాయరు ముందు పెట్టింది.

"కళ్ళు కనబడటం లేదురా. ఎక్కించు."

ఆ మాట పైకి అనడం ఆవిడకి అదే మొదటిసారి.

"ఇప్పుడు కుట్టేదేముంది టీచర్? బండి అయిపోయింది కదా."

"నీ చొక్కా జేబు చూసుకో. సూదులు దాచీ దాచీ చిల్లులు పడి అడుగంతా చిరిగింది. మీ అమ్మ చూస్తే నన్నే తిడుతుంది. ఇలా రా."

లాయరు వంగి జేబు చూసుకున్నాడు. ఎక్కడ రాసుందని అడగలేదు. సూదికి దారం ఎక్కించి ఆవిడ చేతికిచ్చి, ఎదురుగా స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు. ఆవిడ జేబు అంచు మడిచి, చిన్న చిన్న కుట్లతో, గట్టిగా, మొదటి కుట్టు నుంచే పక్కా కుట్టు వేసింది.